జూన్‌లో పెరూలోని కుస్కో నగర సందర్శనకు ముందు జాగ్రత్తలు

దిగిన రోజే టూరు పెట్టుకోవద్దు. సముద్ర తీరంలోని రాజధాని లిమా నుంచి విమానంలో గంటన్నరలోపే 3,400 మీటర్ల ఎత్తుకు చేరుతారు. ఆ ఎత్తు వల్ల తలనొప్పి, వాంతులు, ఆయాసం పట్టుకుంటే మిగతా ప్రయాణమంతా చెడుతుంది. టూరులో చూపించే పాత నీటి కట్టడం తాంబోమచాయ్ మరింత ఎత్తులో ఉంది. మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే బయలుదేరేముందే డాక్టరును అడగండి.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. పెరూ నుంచి భారత్‌కు వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

టూరు ధరలో ప్రవేశ రుసుములు కలిశాయా అని అడగండి. చాలా చోట్లకు కలిపి ఇచ్చే 'బొలేతో తురిస్తికో' టికెట్‌తో సక్సయ్‌వమాన్ అనే పాత కోట చూడవచ్చు. కొరికాంచా ఆలయానికి, కేథడ్రల్‌కు వేరే టికెట్లు కొనాలి.

కొరికాంచాకు తగినంత సమయమిచ్చే గైడునే ఎంచుకోండి. అది పూర్వం ఇక్కడ పాలించిన ఇంకాల సూర్యాలయం; దానిపైనే స్పెయిన్ వారు సాంతో దొమింగో మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం బాగా దెబ్బతింది, ఇంకాల రాతిగోడలు నిలిచాయి. హడావుడిగా చూడాల్సిన చోటు కాదది.

జూన్ 24న ఇంకాల సూర్య పండుగ ఇంతి రైమి; రద్దీ ఎక్కువ. మామూలు సందర్శనకు మరో రోజు చూసుకోండి.

పగటి ఎండను నమ్మి స్వెట్టరు మరవద్దు. రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది.