బహువార్షిక సాల్వియా (ఏళ్ల తరబడి బతికే పూల మొక్క) నాటే ముందు జాగ్రత్తలు

- అన్నిటికన్నా ముఖ్యం, నీరు ఇంకుతుందో లేదో చూడటం. అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మరోసారి నింపండి. గంటల తరబడి నిలిచిపోతే అక్కడ నాటవద్దు. సాల్వియా ఎండను ఇష్టంగా తట్టుకుంటుంది. వేళ్ల దగ్గర నిలిచే తడిని మాత్రం భరించలేదు, చలికాలంలో మొదలు కుళ్లిపోతుంది. బంకమట్టి అయితే మడిని ఎత్తు చేసి కంపోస్టు కలపండి.
- రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ పడాలి.
- మొక్కల మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి. మొదట్లో బోసిగా కనిపించినా దగ్గరగా నాటకండి. గాలి ఆడకపోతే బూడిద తెగులు పట్టుకుంటుంది.
- నత్రజని ఎరువు ఎక్కువైతే కాండాలు సాగి వాలిపోతాయి, పూలు తగ్గుతాయి.
- తొలి ఏడాది నీటి వసతి చూసుకోండి. నీటి ఎద్దడిని తట్టుకోవడం వేళ్లూనుకున్నాకే!