డాలస్ ఇంటి అద్దెలో 30 శాతం కోత ఎలా ఆగిందంటే

హైదరాబాద్ తిరిగొచ్చేశాక డాలస్‌లోని మా ఇల్లు అద్దెకిచ్చాం. పన్ను లెక్కలో నేను నాన్‌రెసిడెంట్‌నని (అమెరికా నివాసిని కానని) తెలియగానే ప్రాపర్టీ మేనేజర్ మొత్తం అద్దె మీద 30 శాతం పన్ను కింద పట్టుకోవడం మొదలుపెట్టారు. లోన్ వడ్డీ పోను మిగిలేదే అంతంతమాత్రం, ఇక టెన్షనే. అమెరికా నివాసిని కానని తెలిపే డబ్ల్యూ-8బెన్ ఫారం ఇచ్చి చూశా, రెండు దేశాల పన్ను ఒప్పందమూ తిరగేశా, లాభం లేదు.

పని చేసింది అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 871(డి) ఎంపిక, అంటే అద్దెను వ్యాపార ఆదాయంలా చూపి, ఖర్చులు పోను మిగిలినదానికే పన్ను కట్టే వీలు. ముందు నా ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) వేసి, అద్దె అలాంటి ఆదాయమేనని తెలిపే డబ్ల్యూ-8ఈసీఐ ఫారం మేనేజర్‌కు ఇచ్చా. కోత ఆగింది. తర్వాత నాన్‌రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ పన్ను రిటర్న్‌కు ఒక స్టేట్‌మెంట్ జతచేశా: ఇల్లు ఎక్కడుంది, నా వాటా ఎంత, ఎప్పటి నుంచి నాది, చేయించిన పెద్ద పనులేంటి, 871(డి) ఎంచుకుంటున్నానన్న మాట. అద్దె లెక్కలు చూపే షెడ్యూల్ ఈలో వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, రిపేర్లు, మేనేజర్ ఫీజు చూపించా. వాటితో పాటు డిప్రిసియేషన్ (ఇల్లు పాతబడుతుందని ఏటా తగ్గించుకునే విలువ) కూడా. అది 27.5 ఏళ్ల లెక్కన, కట్టడం విలువకే, స్థలానికి రాదు. నాకు బాగా కలిసొచ్చింది ఇదే. అంతకుముందు పట్టుకున్నది 1042-ఎస్ (పట్టుకున్న పన్ను చూపే ఫారం) ప్రకారం రీఫండ్ వచ్చింది.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. గ్రీన్‌కార్డు ఇంకా ఉన్నవాళ్ల లెక్క వేరు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియా అయితే అదో తంతు. రిటర్న్ మరీ ఆలస్యం చేస్తే ఖర్చుల మినహాయింపే పోవచ్చు.