టెక్ కంపెనీలు వార్తలకు డబ్బు కట్టాలనే చట్టాన్ని ఎలా చదవాలి

గూగుల్, మెటా లాంటి కంపెనీలు వార్తాసంస్థలకు డబ్బు కట్టాల్సిందేనని ఏదో ఒక ప్రభుత్వం చట్టం తెస్తుంది, హెడ్డింగ్ చూసి సగం మంది సంబరపడతారు, సగం మంది తిట్టుకుంటారు. చట్టం మాత్రం ఎవరూ చదవరు. చదివితే ఎంత ఇస్తారన్నది తర్వాత, ముందు కంపెనీ తప్పించుకునే దారి ఎక్కడుందో వెతకండి.

ఎందుకంటే వార్తలు చూపిస్తేనే కట్టాలి అన్నప్పుడు, చూపించడం మానేస్తే కట్టక్కర్లేదు కదా! కెనడాలో జరిగింది అదే. 2023లో చట్టం పాసయ్యాక మెటా ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అక్కడివాళ్లకు వార్తలే కనిపించకుండా చేసింది, గూగుల్ మాత్రం బేరమాడి ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది. స్పెయిన్‌ది ఇంకా విచిత్రం. 2014 నాటి చట్టం ప్రకారం పత్రికలు 'మాకు డబ్బు వద్దు, ఊరికే చూపించుకోండి' అనడానికి కూడా వీల్లేదు, దాంతో గూగుల్ న్యూస్ అక్కడ దుకాణం కట్టేసింది, మళ్లీ తెరిచింది 2022లో.

డబ్బు దేనికో కూడా చూడాలి, లింకుకా, వార్తలోని వాక్యాలకా? యూరోపియన్ యూనియన్ 2019 కాపీరైట్ డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) లింకుల్నీ, 'మరీ చిన్న' ముక్కల్నీ వదిలేసింది. మరీ చిన్న అంటే ఎన్ని పదాలో చెప్పలేదు (లాయర్లకు పండగే).

ఇక రేటు కుదరకపోతే తేల్చేదెవరు? నా ఉద్దేశంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆస్ట్రేలియా 2021 కోడ్‌లో (ఈ బేరాలకు చట్టం పెట్టిన నిబంధనల్లో) రెండు పక్షాలూ చెరో అంకె చెప్పాలి, మధ్యవర్తి మామూలుగా వాటిలో ఒకటే ఎంచుకోవాలి, మధ్యేమార్గంగా సగానికి తేల్చడం కుదరదు, కాబట్టి నోటికొచ్చిన రేటు చెప్పినవాడే నష్టపోతాడు. కాకపోతే ఇదంతా వర్తించాలంటే ఫలానా కంపెనీ దీని కిందకొస్తుందని మంత్రి ప్రకటించాలి. ఎవర్నీ ప్రకటించకుండానే, ప్రకటిస్తారేమోనన్న టెన్షన్‌తోనే కంపెనీలు ఒప్పందాలు చేసుకున్నాయి. 2024 మార్చిలో మెటా తనవి ఇక పొడిగించేది లేదని చెప్పేసింది.

మీది చిన్న న్యూస్ సైట్ అయితే అర్హత నిబంధనలు ముందు తిరగేయండి. ఆస్ట్రేలియాలో ఏడాదికి లక్షన్నర ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఆదాయం లేని సంస్థకు మామూలుగా ఆ కోడ్ కింద రిజిస్ట్రేషనే దొరకదు. కెనడాలో ఆ గూగుల్ సొమ్ములో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీకి 7 శాతం, మిగతా ప్రసార సంస్థలకు 30 శాతం మించకూడదు, మిగతాది పత్రికలకూ వెబ్‌సైట్లకూ. అక్కడ ఎవరి వాటా ఎంతన్నది జర్నలిస్టుల పనిగంటల్ని బట్టి తేలుస్తారు, చదివిన క్లిక్కుల్ని బట్టి కాదు. అందుకే ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత జీతమిచ్చారో ఇప్పట్నుంచే రాసిపెట్టుకోండి.