ఆరుబయట గ్యాస్ పెనం – 2వ పాఠం: ప్లేటు ఎంచుకోవడం నుంచి మొదటి అట్టు దాకా

పోయిన పాఠం అంతా గ్యాస్ గురించే. బండి పెట్టేవాళ్లకు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి లీకైతే నేలబారున పేరుకుంటుంది, అందుకని సిలిండర్ పెట్టే గూటికి అడుగున ఖాళీ ఉండాలి. లీకేజీ అనుమానం వస్తే 1906కి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ చేసి చూసుకున్నాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈ రోజు మంట మీద కూర్చునే ఇనుము గురించి మాట్లాడుకుందాం.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజు ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంటుంది. బండి పెట్టిన కొత్తలో ఒక సిరిమాను రోజు సాయంత్రం నా పెనం నన్ను ఏడిపించినంత పని చేసింది. అది మూడు ఎంఎం రేకు. తేలిగ్గా ఉంటుంది, అయిదు నిమిషాల్లో వేడెక్కుతుంది అని చేయించుకున్నాను. మొదటి అట్టు చక్కగా లేచింది. రెండోది అంచుల దగ్గర పట్టేసింది. మూడోది ముక్కలు ముక్కలుగా గీకాల్సొచ్చింది. బండి ముందు జనం నిలబడి ఉన్నారు. టెన్షన్‌లో గ్యాస్ పూర్తిగా తిప్పేశాను. నడుమ మాడింది, అంచులు పచ్చిగానే ఉన్నాయి. పక్కన చట్నీలు అందిస్తున్న మా అప్ప నా చెయ్యి పట్టుకుని, "మంట పెంచకురా తమ్ముడా. రేకు సల్లారిపోనాది. రెండు నిమిషాలు ఆగు" అంది.

ఆ మాటలోనే ఈ పాఠమంతా ఉంది. అట్టును కాల్చేది అప్పటికే ఇనుములో నిండి ఉన్న వేడి. మంట ఆ వేడిని మళ్లీ నింపుతూ ఉంటుంది, అంతే. గరిటెడు పిండి వెయ్యగానే అందులోని నీళ్లు ఆవిరి కావడానికి పెద్ద ఎత్తున వేడి కావాలి. ఆ క్షణంలో అది పిండి కిందున్న ఇనుము నుంచే వస్తుంది. మూడు ఎంఎం రేకులో ఇనుము తక్కువ. అదే వైశాల్యంలో తొమ్మిది ఎంఎం ప్లేటు ఉంటే ఇనుము మూడు రెట్లు, కాబట్టి అదే అట్టు వేస్తే చల్లారేది మూడో వంతే. రెండో అట్టు కూడా మొదటి దానిలాగే వస్తుంది.

అయితే మందం పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది. ఇనుము ఒక ఘన సెంటీమీటరు 7.85 గ్రాములు తూగుతుంది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లేటు ఆరు ఎంఎం అయితే 26 కిలోలు, ఎనిమిది అయితే 35, పది అయితే 44, పన్నెండు అయితే 52 కిలోలు దాటుతుంది. రోజూ బండి మీదికెక్కించి దించేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. నా మట్టుకు నేను బండికి పది ఎంఎం అంటాను. ఇంటి పెరట్లో, మేడ మీద ఆదివారం పూట పదిమందికి వండుకునేవాళ్లకు ఆరు ఎంఎం చాలు. అంతకన్నా పలచనిది కొనొద్దు.

గ్యాస్ ఖర్చు గురించి భయపడేవాళ్లుంటారు. 44 కిలోల ప్లేటును 30 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు తీసుకెళ్లడానికి కావలసిన వేడి దాదాపు 80 గ్రాముల ఎల్‌పీజీలో ఉంది. గాలికీ పక్కలకూ పోయేది కలిపితే అంతకు రెండు మూడింతలు కాలుతుంది అనుకోండి. ఇది ఒక్కసారి పెట్టే పెట్టుబడి. నాలుగు అట్ల కోసం మందపాటి ప్లేటు వెలిగించడం దండగే. నలభై అట్లు వేసేవాళ్లకు అది లాభం.

షాపుల్లో కాళ్లతో, రెండు మూడు బర్నర్లతో, నూనె జారే ట్రేతో రెడీమేడ్ గ్యాస్ గ్రిడిల్స్, అంటే పెనం, పొయ్యి కలిసి ఉన్నవి కూడా దొరుకుతున్నాయి. కొనేముందు ప్లేటు అంచును చూడండి, వీలైతే స్కేలు పెట్టి కొలవండి. పైకి ఎంత ముద్దుగా ఉన్నా ప్లేటు మందం చెప్పని దుకాణం దగ్గర కొనొద్దు. ఇంకొక సంగతి ఏమిటంటే, వాటిలో చాలావాటికి ప్లేటు ముందువైపుకో వెనక్కో కొద్దిగా వాలి ఉంటుంది, కొవ్వు, నూనె ట్రేలోకి జారడానికి. మాంసం, చేప వేపుకునేవాళ్లకు అది సౌకర్యం. అట్లు వేసేవాళ్లకు మాత్రం ప్లేటు సమంగా ఉండాలి. రసమట్టం పెట్టి చూసి, కాళ్ల కింద చిన్న పెంకు ముక్క దూర్చయినా సరిచేసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు మెరుస్తుంది, తుప్పు పట్టదు. కానీ వేడి అందులో పక్కలకు పాకడం మామూలు ఇనుములో కన్నా బాగా నెమ్మది. బర్నర్ ఉన్నచోట మాడుతుంది, లేనిచోట పచ్చిగా ఉంటుంది. అల్యూమినియంలో వేడి బాగా పాకుతుంది గానీ దాని మీద నూనె పొర ఇనుము మీద పట్టినంత గట్టిగా పట్టదు. మైల్డ్ స్టీలు, అంటే మన వెల్డింగ్ షాపుల్లో ఎమ్మెస్ ప్లేటు అని అడిగేది, అదే నా ఎంపిక. జింకు పూత పూసిన రేకు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. వేడికి ఆ పూత నుంచి వచ్చే పొగ మంచిది కాదు. పాత సామాన్ల కొట్లో దొరికిన రంగు పూసిన ప్లేట్లూ వద్దు.

ఫ్రేము చేయించేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మూడు ఎంఎం రేకు తీసేసి పది ఎంఎం ప్లేటు వేయించుకున్నప్పుడు, కదలకుండా ఉంటుందని నాలుగు పక్కలా ఫ్రేము యాంగిల్‌కు, అంటే ఎల్ ఆకారపు ఇనుప పట్టీకి, వెల్డింగ్ పెట్టించాను. వారం తిరిగేసరికి ప్లేటు నడుమ ఉబ్బింది. వేసిన నూనె వేసినట్టు అంచులకు పారిపోయేది, అట్టు నడుమ ఎండిపోయేది. కారణం చిన్న లెక్కలో ఉంది. మూడడుగుల ఇనుము 170 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు పొడుగవుతుంది. నాలుగు పక్కలా పట్టేస్తే పెరిగిన ఆ రెండు మిల్లీమీటర్లకు చోటు లేక ప్లేటు పైకి లేస్తుంది. ప్లేటును ఫ్రేము మీద ఊరికే కూర్చోబెట్టాలి. చుట్టూ అర అంగుళం వదిలి, జారిపోకుండా మూలల్లో చిన్న అడ్డు ముక్కలు పెట్టిస్తే చాలు.

బర్నర్లు రెండు ఉండాలి, దేని వాల్వు దానికే ఉండాలి. మూడడుగుల ప్లేటుకు ఒకే గుండ్రటి బర్నర్ పెడితే నడుమ ఒక పళ్లెమంత మేర మాత్రమే వంటకు పనికొస్తుంది. మంట నీలంగా ఉండాలి, మంట కొన మాత్రమే ప్లేటును తాకాలి. లోపలి చిన్న నీలి శంకువు ఇనుముకు తగులుతుంటే గ్యాస్ సరిగా కాలదు, విష వాయువు పుడుతుంది. బర్నర్‌ను కొంచెం కిందికి దించండి. మంట పసుపుపచ్చగా ఊగుతూ మసి పడుతుంటే గాలి సరిపోవడం లేదని అర్థం, బర్నర్ మొదట్లో ఉండే గాలి మూతను కాస్త తిప్పి తెరవండి. కళింగపట్నం వైపు, చింతపల్లి బీచ్ దగ్గర బండి పెట్టేవాళ్లకు సముద్రపు గాలి పెద్ద సమస్య. మూడు పక్కలా రేకు అడ్డం పెట్టుకోండి. కానీ ప్లేటు కింద వేలు పట్టేంత సందు వదలాలి. కాలిన గాలి బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

ఇక ప్లేటు ఇంటికొచ్చింది అనుకుందాం. కొత్త ఎమ్మెస్ ప్లేటు మీద నీలి నలుపులో ఒక పొర ఉంటుంది. మిల్లులో వేడిగా సాగదీసినప్పుడు ఏర్పడేది అది. దాని మీదే నూనె పట్టిస్తే కొన్నాళ్లకు పెచ్చులు పెచ్చులుగా లేచి అట్టుకు అంటుకుంటుంది. వెల్డింగ్ షాపులోనే గ్రైండింగ్ మెషిన్‌కు ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం ముక్కలు అతికించిన చక్రం) వేయించి ఆ పొర తీయించండి, వంట చేసే వైపు ఒక్కటీ చాలు. తర్వాత సబ్బుతో, వేడి నీళ్లతో కడిగి, వెంటనే మంట మీద ఆరబెట్టాలి. మన తీరం గాలికి తడి ఇనుము గంటలో ఎర్రబడుతుంది.

నూనె పట్టించడంలో అందరూ చేసే తప్పు ఎక్కువ నూనె పొయ్యడం. ప్లేటు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాక పాత కాటన్ గుడ్డను నాలుగు మడతలు వేసి, పట్టుకారుతో పట్టుకుని, రెండు చెంచాల సన్‌ఫ్లవర్ నూనె గానీ వేరుశనగ నూనె గానీ ప్లేటంతా రుద్దండి. వెంటనే ఇంకొక పొడి గుడ్డతో, పొరపాటున నూనె పోశామేమో అన్నట్టు, మొత్తం తుడిచెయ్యండి. మిగిలిన ఆ కంటికి కనపడని పొరే మనకు కావలసింది. మంట పెంచండి. పొగ వస్తుంది, రానివ్వండి. పొగ ఆగేసరికి బూడిద రంగు ఇనుము తేనె రంగుకు తిరుగుతుంది. మళ్లీ నూనె, మళ్లీ తుడుపు, మళ్లీ పొగ. నాలుగోసారికి గోధుమ రంగు, ఆరోసారికి నలుపు వస్తుంది. నూనె ఎక్కువైతే చల్లారాక వేలికి జిగురుగా తగులుతుంది. అలా తగిలితే ఉప్పు, నూనె వేసి అక్కడ రుద్ది మళ్లీ కాల్చండి. ఈ పని ఒక పూట పడుతుంది. తొందరపడితే ఆ తర్వాత నెల రోజులు అట్లు గీక్కోవాలి.

ఇప్పుడు అసలు అభ్యాసం. దీన్ని దాటెయ్యొద్దు. రెండు బర్నర్లూ సన్నగా పెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. టీ వడగట్టే జల్లెడలో గుప్పెడు గోధుమపిండి పోసుకుని ప్లేటంతా పలచగా, మంచు పడ్డట్టు చల్లండి. ఇక కదలకుండా చూడండి. ముందుగా ఒకచోట పిండి లేత బంగారు రంగుకు వస్తుంది. అక్కడి నుంచి రంగు చెరువులో అలలాగా పాకుతుంది. బర్నర్ గొట్టం ఉన్న మేర ఒక చార ముదురుతుంది, మూలలు తెల్లగానే ఉండిపోతాయి. అదే మీ ప్లేటు పటం. ఏ రెండు ప్లేట్లకూ ఒకే పటం రాదు. ముదిరిన చోట్లకు సూటిగా ఫ్రేము అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టుకోండి. పిండిని స్క్రేపర్‌తో తీసేసి, ఈసారి ఎడమ బర్నర్ మధ్యస్థంగా, కుడి బర్నర్ బాగా సన్నగా పెట్టి ఇంకోసారి చెయ్యండి. ఎడమవైపు కాల్చడానికి, కుడివైపు కాల్చినవి వెచ్చగా ఉంచడానికి, ఉల్లిపాయలు మగ్గించడానికి అని రెండు పొయ్యిలు ఒకే ప్లేటు మీద తయారవుతాయి. గుడ్డట్టు కూడా కుడివైపే బాగా వస్తుంది, ఎడమవైపు వేస్తే గుడ్డు రబ్బరైపోతుంది.

వేడి చూడటానికి నీళ్ల చుక్కలు చాలు. చుక్క పడి, నిలబడి, నెమ్మదిగా మరిగి ఆరిపోతే ఇంకా ఆగాలి. పడగానే చుయ్‌మని మాయమైతే అట్టుకు సరైన వేళ. ముత్యాల్లాగా గుండ్రంగా ఉరుకుతుంటే అప్పటికే 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంది, చల్లార్చాలి. తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే థర్మామీటర్ గన్ కొనుక్కున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నల్లబడ్డ ప్లేటు మీద అది నిజమే చెబుతుంది, కొత్తగా గ్రైండ్ చేసిన మెరిసే ప్లేటు మీద తక్కువ చూపిస్తుంది.

అట్ల పిండికి మూడు గ్లాసుల బియ్యం, గ్లాసు మినపప్పు, చెంచా మెంతులు. రాత్రి పులిసిన పిండిని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వెయ్యకండి, గంట బయట ఉంచండి. ప్లేటు మీద ఎడమవైపు గుప్పెడు నీళ్లు చిలకరించి, కొబ్బరి ఈనెల చీపురు ముక్కతో ఊడ్చెయ్యండి. ఇందుకోసమే విడిగా పెట్టుకున్న చీపురు అది. ఆ నీళ్లు పైపైన వేడి తగ్గిస్తాయి, లోపల వేడి అలాగే ఉంటుంది. దాంతో పిండి పడగానే పట్టుకోకుండా తిప్పడానికి మీకు నాలుగైదు క్షణాలు దొరుకుతాయి. సగానికి కోసిన ఉల్లిపాయకు ఫోర్కు గుచ్చి ఒకసారి రుద్దండి. నూనె మెరుస్తూ కనిపిస్తే గుడ్డతో తుడవండి, నూనె మీద పిండి నిలవదు, గరిటె వెంట వచ్చేస్తుంది.

గరిటెడు పిండి నడుమ పోసి, గరిటె అడుగును ఒత్తకుండా, లోపలి నుంచి బయటికి ఒకే తిప్పుడుగా తిప్పండి. పిండి గరిటెకు చుట్టుకుని ఉండలు కడితే ప్లేటు వేడెక్కువ. తిప్పిన గీతలు నిలవకుండా మళ్లీ కలిసిపోతుంటే వేడి తక్కువ. సరిగ్గా ఉంటే ఊపిరి తీసి వదిలేలోపు పైన సూదిమొన రంధ్రాలు పడతాయి. తడి మెరుపు పోయాక చుట్టూ అర చెంచా నువ్వుల నూనె వెయ్యండి. అంచు దానంతట అదే లేచేవరకు అట్లకాడ ముట్టుకోవద్దు. లేచిన అంచు కింద అట్లకాడను ప్లేటుకు దాదాపు ఆనించి, పడుకోబెట్టి తొయ్యండి. అట్టు తీశాక వెంటనే రెండోది వెయ్యకుండా నీళ్లు, చీపురు, ఉల్లిపాయ అనే మూడు పనులూ మళ్లీ చెయ్యండి. ఆ అరనిమిషంలోనే ప్లేటు కోలుకుంటుంది. మా అప్ప ఆ రోజు ఆగమన్నది ఇందుకే.

చేపల సంగతి చాలామంది అడుగుతారు. వంజరం ముక్కలు ఈ ప్లేటు మీద చాలా బాగా వస్తాయి. కానీ అట్లన్నీ అయిపోయాకే వెయ్యాలి, ముక్కలు పూర్తిగా పొడిగా తుడిచి వెయ్యాలి.

పని అయిపోయాక, ప్లేటు ఇంకా వెచ్చగా ఉండగానే స్క్రేపర్‌తో గీకి, కొంచెం గోరువెచ్చని నీళ్లు పోసి తోసెయ్యండి. కాలుతున్న ప్లేటు మీద చల్లటి నీళ్లు బకెట్‌తో గుమ్మరించొద్దు, వంగిపోతుంది. మంట మీద ఆరబెట్టి, పలచగా నూనె రాసి, ముందు సిలిండర్ వాల్వు, మంటలు ఆరాక బర్నర్ వాల్వులు కట్టెయ్యండి. వానాకాలంలో ప్లేటు మీద రేకు మూత ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పేవాళ్లు ప్లేటు పూర్తిగా చల్లారాక కప్పండి, లేకపోతే లోపల చెమ్మ చేరుతుంది.

ఈ వారం గోధుమపిండి పటం రెండుసార్లు వెయ్యండి, ఒకటి గాలి లేనప్పుడు, ఒకటి సాయంత్రపు గాలిలో. రెండింటికీ ఫోన్లో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత వరసగా పది అట్లు వేసి, ఎన్నో అట్టు దగ్గర పట్టడం మొదలైందో రాసుకోండి. ఆ అంకెను బట్టి మీ మంట ఎంత పెంచాలో వచ్చే పాఠం మొదట్లో చెబుతాను, ఆపైన పెసరట్టు మొదలుపెడదాం. పాఠానికి కూర్చునే రోజు పొద్దున్నే పొట్టు పెసలు నాలుగు గంటలు నానేలా పోసి ఉంచుకోండి.