నాపా చారిటీ వైన్ వేలానికి వెళ్తున్నారా? ముందు కేటలాగ్ చదవండి

నేను కాలిఫోర్నియా బే ఏరియాలో ట్యాక్స్ రిటర్నులు చేస్తాను. సీజన్ మొదలైందంటే చాలు, ఎవరో ఒకరు ఇక్కడి వైన్ ప్రాంతాలైన నాపా, సొనోమా వైపు జరిగిన చారిటీ వేలం రసీదు తెచ్చి, "రెండు వేలకు పాడుకున్నానండీ, అంతా డొనేషనే కదా, రాసేయండి" అంటారు. అంతా కాదండీ. ఆ లాట్, అంటే వేలానికి పెట్టిన సరుకు, బయట ఎంత పలుకుతుందో చూసి, దానిపైన మీరిచ్చింది మాత్రమే విరాళం. పన్నెండు వందల డాలర్ల వైన్ కేసును (సీసాల పెట్టెను) రెండు వేలకు పాడుకుంటే లెక్కలోకి వచ్చేది ఎనిమిది వందలే. టికెట్‌కూ ఇదే సూత్రం, అందులోంచి భోజనం, వైన్ విలువ తీసేయాలి. 75 డాలర్లు దాటిన ఇలాంటి చెల్లింపులకు ఆ విలువెంతో చారిటీయే రాసివ్వాలి, అడిగి తీసుకోండి. కేటలాగ్‌లో లాట్ కింద అంచనా విలువ వేసుంటే ఆ పేజీని ఫోటో తీసి దాచుకోండి. ఏప్రిల్‌లో నాకు కావలసింది అదే.

మరి ఉన్న విలువకన్నా ఎక్కువ ఎందుకు పాడాలి అంటారా? బాలాపూర్ లడ్డూని తీపి కోసం ఎవరూ పాడుకోరు కదా! ఇదీ అంతే. 1981లో మొదలైన ‘ఆక్షన్ నాపా వ్యాలీ’ అనే చారిటీ వేలంలో 2000 సంవత్సరంలో ఒకే ఒక్క సీసా, స్క్రీమింగ్ ఈగిల్ అనే నాపా వైనరీవారి ఆరు లీటర్ల 1992 వైన్, ఐదు లక్షల డాలర్లకు పోయింది. అక్కడి పాట వైన్ ధర కాదు, మీరు ఇవ్వదలుచుకున్న మొత్తం. కాబట్టి ఆ అంకె ఇంట్లోనే, భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోండి. మొదటి గ్లాసు తర్వాత తేల్చుకునే అంకెను నేను నమ్మను. నిర్వాహకులు ముందు టేస్టింగ్, తర్వాత వేలం పెట్టేది ఊరికే కాదు.

టేస్టింగ్ సంగతి. ఒక్కో టేబుల్ దగ్గర పోసేది ఔన్సు, రెండు ఔన్సులే. పది టేబుళ్లు తిరిగితే మాత్రం రెండు నుంచి నాలుగు గ్లాసులకు తేలుతుంది. ఉమ్మడానికి బకెట్ పెడతారు. మనవాళ్లకు అది మొహమాటం. వైన్ చేసినవాళ్లే అందరికన్నా ముందు ఉమ్ముతారు, చూడండి. నోట్లో ఒకసారి తిప్పి, బకెట్ దగ్గరకు వంగి ఉమ్మేయాలి. గ్లాసులో మిగిలింది కూడా అందులోనే ఒంపేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. స్పార్క్లింగ్, తెల్లవి ముందు, కాబర్నే లాంటి బరువైన ఎర్రవి చివర. కడుపు ఖాళీగా వెళ్లకండి. సెంటు వద్దు, పక్కవాడికి వైన్ వాసన అందదు. గడ్డి, గులకరాళ్ల మీద హైహీల్స్ దిగబడతాయి. మధ్యాహ్నం మాడ్చేసినా సాయంత్రానికి చలి పుడుతుంది, శాలువా ఉంచుకోండి.

సైలెంట్ ఆక్షన్, అంటే గొంతెత్తి కాక రాసి పాడే వేలం, ఇప్పుడు చాలాచోట్ల ఫోన్‌లోనే. మీ గరిష్ఠ మొత్తం పెట్టేసి ఫోన్ జేబులో పడేయండి. నిమిషానికోసారి చూస్తూ పది పది పెంచుకుంటూ పోతే పౌరుషం తప్ప ఏమీ మిగలదు. లైవ్‌లో పాడిల్ (మీ నంబరున్న పలక) ఎత్తడమే మాట ఇవ్వడం, సుత్తి పడ్డాక వెనక్కి తీసుకోలేరు. దాంతో విసురుకోకండి.

లాట్ వివరణలో నేను చూసేవి కొన్ని. సీసా ఎంత పెద్దది? డబుల్ మాగ్నమ్ అంటే మూడు లీటర్లు, నాలుగు మామూలు సీసాలు. ఇంట్లో పాతికమంది లేకపోతే అది అలంకారమే. వైనరీలో విందు అయితే ఎంతమందికి, ఏ తేదీలు కుదరవు, గడువెప్పుడు? నలుగురు స్నేహితులు కలిసి పాడుకోవచ్చు. కానీ రసీదు ఒక్కరి పేరునే వస్తే మిగతా ముగ్గురికీ చూపించడానికి కాగితం ఉండదు. నలుగురి పేర్లా విడివిడిగా రసీదులిస్తారా అని పాడకముందే అడగండి.

నన్నడిగితే అసలైన ఘట్టం ఫండ్-ఎ-నీడ్. వస్తువేమీ ఉండదు. పెద్ద మొత్తంతో మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తారు, మీ స్థాయి వచ్చినప్పుడు పాడిల్ ఎత్తడమే. తిరిగి ఏమీ తీసుకోరు కాబట్టి ఇచ్చిందంతా విరాళమే. చాలా కంపెనీలు మ్యాచింగ్ (ఉద్యోగి విరాళానికి తామూ జతచేసే మొత్తం) ఇచ్చేది కూడా విరాళం భాగానికే. రెండు వేలుంటే నేనైతే పదిహేను వందలు ఇక్కడిచ్చి, మిగిలిన ఐదొందలతో ఏదో చిన్న లాట్ పాడుకుంటాను.

తిరుగు ప్రయాణానికి డ్రైవర్‌ని ముందే మాట్లాడుకోండి. కాలిఫోర్నియాలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, హైవే 29 మీద రాత్రిపూట ధైర్యాలు వద్దు. మూత తీసిన సీసా ట్రంక్‌లోనే ఉండాలి. మూత తీయని కేసును మాత్రం ఎండలో కారులో వదిలి ఎక్కడా ఆగకండి, వైన్ ఉడికిపోతుంది. షిప్పింగ్ అయితే చల్లబడేదాకా ఆపమనండి, డెలివరీకి 21 ఏళ్లు నిండినవాళ్లు ఇంట్లో ఉండి సంతకం పెట్టాలి. వైనరీ విందు గెలిస్తే ఆ వారంలోనే తేదీ అడుగుతూ మెయిల్ పెట్టండి. సెప్టెంబర్, అక్టోబర్ అడగొద్దు. అది ద్రాక్ష కోతల కాలం, మీతో కూర్చోవడానికి వైన్‌మేకర్‌కు తీరిక ఉండదు.