ఊళ్లో మనిషి కనిపించకుండా పోతే ఎలా వెతకాలి?

మనిషి కనిపించడం లేదన్న మాట వినగానే ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని తలా ఒక దిక్కుకు పరుగెత్తుతుంది. ఆ ఆత్రం అవసరమే. కానీ ఆ పరుగులో అడుగుజాడలు చెరిగిపోతాయి. ఒకే చోట పదిమంది వెతుకుతారు, పక్కనే ఉన్న గట్టు వెనక ఎవరూ చూడరు.

మొదట ఇంట్లోనే వెతకండి. పిల్లలైతే మంచాల కింద, బీరువాల్లో, ఆగి ఉన్న వాహనాల్లో చూడాలి. ఒకరు చూసిన చోటును మరొకరు మళ్లీ చూడాలి. అదే సమయంలో చెరువు, బావి, కాలువ దగ్గరికి మనుషులను పంపండి. పోలీసులకు వెంటనే చెప్పండి. 24 గంటలు ఆగాలన్నది అపోహ, దాన్ని నమ్మి విలువైన గంటలు పోగొట్టుకోవద్దు.

తర్వాత, చివరిసారి కనిపించిన చోటును కాపాడండి. అక్కడికి గుంపును రానివ్వకండి. జాగిలాలు వస్తే వాసన పట్టడానికి ఆ మనిషి తొడిగి విడిచిన, ఉతకని బట్ట కావాలి. దాన్ని ఎవరూ చేత్తో ముట్టకుండా శుభ్రమైన సంచిలో వేసి ఉంచండి.

ఒకరు నోటు పుస్తకం పట్టుకుని ఒకేచోట కూర్చోవాలి. అందరికంటే ముఖ్యమైన పని అదేనని నా అభిప్రాయం. వేసుకున్న బట్టల రంగు, చెప్పుల రకం, వాడే మందులు, ఈమధ్య పడిన బాధ, ఇష్టంగా వెళ్లే చోట్లు అందులో రాయాలి. ఎవరు ఎటు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఎక్కడివరకు చూశారు అన్నదీ రాయాలి. తప్పిపోయిన మనిషి ఫోనుకు అందరూ అదేపనిగా చేయకండి, ఛార్జింగ్ అయిపోతుంది.

వెతికేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: పిలిస్తే పలుకుతారని అనుకోవద్దు. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు తమ పేరు విన్నా బదులివ్వకపోవచ్చు. ఏదైనా అడ్డు తగిలేదాకా నడిచి, పొదల్లోనో గుంటలోనో చిక్కుకుపోతారు. చాలాసార్లు బయలుదేరిన చోటికి దగ్గరలోనే ఉంటారు. కొందరు ఎన్నడో వదిలేసిన పాత ఇంటికో, ఒకప్పుడు పనిచేసిన పొలానికో బయలుదేరతారు. పిల్లలైతే పెద్దలు తిడతారన్న భయంతో దాక్కుంటారు, దాక్కున్నచోటే నిద్రపోతారు. అందుకే గొంతు కంటే కళ్లకు ఎక్కువ పని చెప్పాలి. వరుసగా నడిచేటప్పుడు పక్క మనిషికీ మీకూ మధ్య నేలంతా కనిపించేంత దూరమే ఉంచండి. పొద దట్టమైతే ఇంకా దగ్గరవ్వండి. కొన్ని అడుగులకు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ముందు నుంచి కనిపించనిది వెనక నుంచి కనిపిస్తుంది. పేరు పెట్టి పిలిచాక అందరూ ఒకేసారి ఆగి, ఒక నిమిషం నిశ్శబ్దంగా వినండి. మూలుగు ఆ నిశ్శబ్దంలోనే వినబడుతుంది.

రాత్రివేళ ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. శిక్షణ లేనివారు నీళ్లలోకి దిగకూడదు.

దొరికాక, కిందపడి దెబ్బ తగిలిందనిపిస్తే లేపి కూర్చోబెట్టకండి, వైద్య సహాయం పిలవండి. తడిసి వణుకుతుంటే తడి బట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి. కోప్పడకండి. వెతుకుతున్న అందరికీ కబురు పంపి, తిరిగొచ్చిన వారిని లెక్కపెట్టుకోండి.

తొలిరోజు దొరకకపోతే చూసేసిన చోట్లను మళ్లీ చూడండి. మనిషి కదులుతూ ఉంటే మీరు వెళ్లిపోయాక అక్కడికి చేరి ఉండవచ్చు. ఇంటికే తిరిగి రావచ్చు కూడా. కాబట్టి ఇంట్లో ఒకరు ఎప్పుడూ ఉండాలి, తలుపు తీసి, దీపం వెలిగించి.