బటన్ మీద ఏం రాయాలి: ఒక ప్యానెల్ మేస్త్రీ అనుభవం

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుకు కంట్రోల్ ప్యానెల్ చేసిచ్చిన కొత్తలో బియ్యాన్ని పైకి ఎత్తే బెల్టు మెషిన్, అంటే బియ్యం ఎలివేటర్, చోక్ అయింది. కింద నుంచి ఫోర్‌మన్ "బియ్యం ఎలివేటర్ బంద్ చెయ్!" అని అరిచాడు. ప్యానెల్ ముందున్న పిల్లగాడికి కనిపించినవి ఎలివేటర్-1 నుంచి ఎలివేటర్-5 దాకా ఐదు పేర్లు. బియ్యానిది ఏదో తేల్చుకునేలోపు బెల్టు కాలిన వాసన మిల్లంతా కమ్మేసింది. వైరింగ్ డ్రాయింగ్‌లో ఉన్న నంబర్లను అలాగే బటన్ల పేరు ప్లేట్ల మీదికి ఎక్కించింది నేనే.

ఇప్పుడు ప్లేట్లు చెక్కించే ముందు ఒక పూట మిల్లులో తిరుగుతాను. ఏ మెషిన్‌ను ఏమని పిలుస్తున్నారో చెవిన వేసుకుని రాసుకుంటాను. వడ్ల ఎలివేటర్, తవుడు బ్లోయర్, రాళ్ల మెషిన్. ప్లేటు మీద పెద్దక్షరాల్లో ఆ పేరే ఉండాలి. డ్రాయింగ్ నంబరు కింద చిన్నగా చాలు, అది రిపేరుకు వచ్చే నాలాంటివాడికి.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కుంది. ఆన్, ఆఫ్ అని రాసి, దుమ్ము పట్టాక పది అడుగుల దూరం నుంచి చూడండి. రెండూ 'ఆ'తోనే మొదలవుతాయి, తేడా అంతా చివరి అక్షరంలోనే. ఆన్ పక్కన ఆపు అని పెట్టినా అంతే. అందుకే స్టార్ట్, బంద్ అని రాయిస్తాను. బంద్ అంటే బీహార్ నుంచి వచ్చిన హమాలీకి కూడా తెలుసు, అతనికోసం పక్కనే హిందీలో కూడా చెక్కిస్తాను. గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లులకైతే స్టార్ట్, ఆపు. 'ప్రారంభించుము' అని రాసిన ప్యానెల్ కూడా చూశాను, ఆ మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. స్టార్ట్‌లో 'స' కింద 'ట' ఒత్తు ఉంది కదా, అక్షరం చిన్నదైతే చెక్కేటప్పుడు అది పూడిపోయి మచ్చలా కనిపిస్తుంది. నేను 8 మిల్లీమీటర్లకు తగ్గనివ్వను.

బటన్ పని చెప్పాలి, లైటు సంగతి చెప్పాలి. బటన్ మీద 'స్టార్ట్', లైటు కింద 'నడుస్తోంది', 'ట్రిప్ అయింది' (అంటే లోడు ఎక్కువై మోటర్ దానంతటదే ఆగింది). లైటు రంగును మాత్రమే నమ్ముకోవద్దు. సబ్‌స్టేషన్‌లో పనిచేసి వచ్చినవాడికి ఎర్ర లైటంటే బ్రేకర్ అనే పెద్ద స్విచ్ ఆన్‌లో ఉన్నట్టు, మెషిన్ల దగ్గర పెరిగినవాడికి ఎరుపంటే ప్రమాదం. బటన్ల రంగుల్లో మాత్రం నాకు బేరం లేదు. మెషిన్ల కరెంటు పనికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 ప్రకారం స్టార్ట్‌కు ఎరుపు, స్టాప్‌కు ఆకుపచ్చ వాడకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ ఎర్ర పుట్టగొడుగు బటన్, వెనక పసుపు.

ఫార్వర్డ్, రివర్స్ అన్న మాటలు కన్వేయర్ దగ్గర పనికిరావు. ఎటు నిలబడి చూస్తే ఫార్వర్డ్? 'లారీ వైపు', 'గోదాం వైపు' అని రాస్తే గొడవే లేదు.

ప్లేటు బటన్‌కు పైన బిగించండి, కింద ఉంటే నొక్కే చెయ్యే దాన్ని కప్పేస్తుంది. ఊడదీసే మూతల మీద అసలు వద్దు, రిపేరు తర్వాత మూతలు తారుమారవుతాయి. మార్కర్ రాత తవుడు జిడ్డుకు నిలవదు.

అన్నీ బిగించాక మెయిన్ ఆఫ్ చేసి, నైట్ షిఫ్ట్‌లో కొత్తగా చేరినవాణ్ని పిలిచి ఒక్కో బటన్ చూపించి, "ఇది నొక్కితే ఏమైతది?" అని అడుగుతాను. మనం ఏమీ అందించకూడదు. పోయినసారి ఒకడు 'రీసెట్' చూసి "మళ్లా మోటర్ తిరుగుతది కదన్నా" అన్నాడు. అది ట్రిప్ అయిన రిలేను, అంటే మోటర్‌ను కాపాడే స్విచ్‌ను, మళ్లీ మామూలుకు తెస్తుందంతే, మోటర్ తిరగాలంటే స్టార్ట్ మళ్లీ నొక్కాలి. ఆ ప్లేటు తీసేసి కొత్తది చెక్కించాను: 'ట్రిప్ రీసెట్', దాని కింద 'తర్వాత స్టార్ట్ నొక్కు'.